ఐజక్ డేవిస్ పెరట్లో

మా పెదనాన్న దగ్గర ఒక నాటు తుపాకీ ఉండేది. పంట కాపలాకని లైసెన్సు తీసుకున్నది. వేరుశనగ చేలో అడవిపందులు పడ్డ రాత్రుల్లో తప్ప దాన్ని గోడ మీంచి దించేవాడు కాదు. అది పేలగా నేను చూసింది ఒక్కసారే. గొట్టంలో మందు పోశాడు, కొబ్బరి పీచు కూరాడు, ఇనప కడ్డీతో దట్టించాడు, పైన రవ్వలు పోశాడు, మళ్ళీ పీచు, మళ్ళీ కడ్డీ. ఈ తతంగమంతా అయ్యేసరికి పందులు చేను దాటి, వాగు దాటి, పక్క ఊరి పొలిమేర చేరుకున్నాయి. పెదనాన్న గొట్టం ఆకాశంలోకి ఎత్తి పేల్చి, "మోత వినబడితే చాల్లేరా, నాలుగు రోజులు ఇటు రావు" అన్నాడు. గురి సంగతి మేమెవరం అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ తుపాకీ నాకు మళ్ళీ గుర్తొచ్చింది మసాచుసెట్స్‌లో. ఏటా ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ జరిగే సోమవారం ఇక్కడ సెలవు. పేట్రియట్స్ డే అంటారు, 1775లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన రోజుకి గుర్తుగా. ఆ రోజు పొద్దున్నే ఆక్టన్ అనే ఊరి నుంచి కాంకర్డ్‌లోని నార్త్ బ్రిడ్జి దాకా ఆరేడు మైళ్ళు జనం నడుచుకుంటూ వెళ్తారు. ముందు పాతకాలపు కోట్లూ మూడు మూలల టోపీలూ పెట్టుకున్న తుపాకీవాళ్ళు, పిల్లనగ్రోవి, డప్పు. వెనకాల కాఫీ కప్పులతో మనలాంటి వాళ్ళం. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో తెలుగువాళ్ళం చాలామందిమే ఉన్నాం. మంచి బళ్ళున్నాయని వచ్చి చేరిన వాళ్ళమే అందరమూ. అయినా ఆ నడకలో మాత్రం మనవాళ్ళు పెద్దగా కనబడరు. సెలవు పూట నాలుగింటికి లేవాలంటే ఎవరికైనా కష్టమే మరి.

నేనైనా మొదటిసారి వెళ్ళింది భక్తితో కాదు, పంతంతో. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, మంచివాడే. తుపాకుల మాట వస్తే చాలు, ఆయన నోట ఒకటే పాట: "ఆనాడు ప్రతి రైతు చేతిలోనూ తుపాకీ ఉంది, ప్రతివాడికీ గురి ఉంది, అందుకే ఈ దేశం ఉంది." బళ్ళోకి తుపాకీవాడెవడైనా వస్తే ఏం చెయ్యాలో నేర్పడానికి, మా అమ్మాయి బళ్ళో తలుపులు మూసి, దీపాలు ఆర్పి, పిల్లల్ని మూలన కూర్చోబెట్టే తాలీము చేయించిన వారం అది. నాకు చిర్రెత్తుకొచ్చింది. సరే, ఆ రైతు ఎవరో, ఆ గురి ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దామనుకున్నాను. చూశాక తేలింది: ఆయన మాటలో తుపాకీ నిజమే, గురి దగ్గరే లెక్క తప్పింది.

మసాచుసెట్స్ కాలనీలో ఊరూరా మిలీషియా, అంటే ఊరివాళ్ళే చేరిన సాయుధ దళం, ఉండడం కొత్త విషయం కాదు. పదహారేళ్ళ నుంచి అరవై ఏళ్ళ దాకా మగవాళ్ళు ఆయుధం పట్టాలని చట్టమే ఉంది. పట్టడం వేరు, పట్టి ఏదైనా చెయ్యగలగడం వేరు. చాలా ఊళ్ళలో కవాతు రోజంటే ఏటా నాలుగైదు సార్లు మైదానంలో వరసగా నిలబడి, ఆ తరవాత సారాయి కొట్టు వైపు కదలడం. ఇంగ్లండ్‌తో గొడవ ముదిరాక, 1774 అక్టోబరులో కాలనీ ప్రతినిధుల సభ ఒక సలహా పంపింది. మిలీషియాలో కనీసం నాలుగో వంతు మందిని వేరుగా చేర్చుకోండి, పిలుపొస్తే తక్షణం కదిలేలా తయారుచెయ్యండి అని. ఆ దళాలకే మినిట్ కంపెనీలని పేరు. నిమిషంలో బయల్దేరేవాళ్ళన్నమాట.

ఆక్టన్ చిన్న ఊరు. 1735 దాకా కాంకర్డ్‌లో భాగమే, ఆ ఏడే విడిపోయింది. ఆ ఊరి మినిట్ కంపెనీ నవంబరులో తన కెప్టెన్ని తానే ఎన్నుకుంది. పేరు ఐజక్ డేవిస్, వయసు ఇరవై తొమ్మిది, వృత్తి తుపాకులు చెయ్యడం, బాగుచెయ్యడం. అసలు కథంతా ఈ చివరి ముక్కలోనే ఉంది. భూస్వామినో, పాత యుద్ధాల్లో పేరున్నవాణ్ణో కాక పనివాణ్ణి ఎన్నుకున్నారు. ఆయన ముందు తన పెరట్లో గురి చూసి కాల్చడానికి జాగా ఏర్పాటు చేశాడు. వారానికి రెండుసార్లు, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, చలిలో కూడా కంపెనీ అక్కడికొచ్చి కాల్చడం నేర్చుకుంది. వచ్చిన వాళ్ళకి ఊరి సొమ్ములోంచి కూలి కట్టిచ్చారు. సుమారు నలభై మంది. ప్రతి ఒక్కరికీ తుపాకి కొసన బిగించే బాయ్‌నెట్టు, నడుముకి తూటాల పెట్టె డేవిసే సమకూర్చాడు. పక్క ఊళ్ళ దళాల్లో ఆ రెండూ ఉన్నవాళ్ళు అరుదు.

తూటా అంటే ఇప్పుడు ఇత్తడి గుళిక అనుకుంటాం గానీ, అప్పుడది కాగితం పొట్లం. లోపల ఒక సీసపు గుండు, దానికి సరిపడా మందు. పంటితో చింపడం, కొంచెం మందు పక్కనున్న చిన్న పళ్ళెంలో పొయ్యడం, మిగతాది గొట్టంలో, పైన గుండు, కాగితం, కడ్డీతో దట్టింపు. కొమ్ములోంచి మందు కొలుచుకుంటూ, సంచిలోంచి గుండు వెతుక్కుంటూ కూర్చునే రైతు ఒకసారి కాల్చేలోగా, తూటాల పెట్టె ఉండి చేతులు అలవాటైనవాడు రెండు మూడుసార్లు కాల్చగలడు. నడకలో ఒక పెద్దాయన మా అబ్బాయికి ఇదంతా చేసి చూపించాడు. కాగితం కొరికిన చోట పెదవి మీద నల్లటి గీత. మీట నొక్కాడు. చెకుముకి రాయి ఉక్కు పలకకి తగిలి రెండు నిప్పురవ్వలు రాలి చచ్చిపోయాయి. మళ్ళీ నొక్కాడు. ఈసారి పళ్ళెంలో మందు బుస్సుమంది గానీ గొట్టం పలకలేదు. ఆయన రాయిని బొటనవేలి గోటితో తడిమి, కొంచెం తిప్పి బిగించి, పళ్ళెం తుడిచి, మూడోసారి నొక్కాడు. అప్పుడు పేలింది. మా వాడు చెవులు మూసుకోవడం మరిచిపోయాడు. "చూశావా, రాయి అరిగితే దేశభక్తి పనిచెయ్యదు" అన్నాడాయన.

ఇక గురి సంగతి. ఆ తుపాకీల గొట్టం లోపల నున్నగా ఉంటుంది, గుండుని తిప్పి పంపే గాడులుండవు. పైగా మసి పేరుకున్నా దూరాలని గుండుని గొట్టం కన్నా కాస్త చిన్నగా పోస్తారు. బ్రిటిష్ సైన్యపు మస్కెట్ గొట్టం వెడల్పు ముప్పాతిక అంగుళం, గుండు అంతకన్నా సన్నం. ఆ గుండు లోపల అటూ ఇటూ కొట్టుకుంటూ వచ్చి, చివరికి ఏ గోడకి తగిలితే దానికి ఎదురు దిక్కుగా పోతుంది. యాభై గజాల్లో మనిషిని కొట్టొచ్చు. వంద గజాల్లో అదృష్టం. జార్జ్ హేంగర్ అనే బ్రిటిష్ అధికారి 1814లో మొహమాటం లేకుండా రాశాడు: రెండు వందల గజాల దూరంలో మనిషికి మామూలు మస్కెట్ గురిపెట్టడమూ చంద్రుడికి గురిపెట్టడమూ ఒకటేనని. గాడుల గొట్టాల రైఫిళ్ళు పెన్సిల్వేనియా అడవుల వైపు ఎక్కువ. మసాచుసెట్స్ రైతు చేతుల్లో ఉన్నవి ఈ నున్నటి గొట్టాలే.

మరి గురికాడైన రైతు కథ ఎక్కణ్ణించి పుట్టింది? యుద్ధానికి ముందే పుట్టింది. 1774లో జాన్ ఆండ్రూస్ అనే బోస్టన్ వర్తకుడు ఒక ఉత్తరంలో రాసిన ముచ్చట ఉంది. బ్రిటిష్ సిపాయిలు నీటిలో పాతిన గురిపలకని కాలుస్తున్నారట, ఒక్కటీ తగలడం లేదట. పక్కన నిలబడ్డ పల్లెటూరివాడు పకపకా నవ్వాడట. అధికారి రోషపడి తుపాకీలు తెప్పించి, కాల్చి చూపించమన్నాడు. ఎక్కడ కొట్టమంటావన్నాడు వాడు. కుడి పక్కనంటే కుడి, ఎడమంటే ఎడమ, నడుమంటే నడుమ. చివరికి, "మా ఇంట్లో ఒక కుర్రాడున్నాడు, ఆపిల్ పండు పైకెగరేసి, అది కింద పడేలోపు గింజలన్నీ కాల్చి రాల్చేస్తాడు" అన్నాడట. ఇది చదివి నాకు మన రచ్చబండ గుర్తొచ్చింది. కోతలు కోసేవాడికి దేశాలేమిటి. చిత్రమేమిటంటే, రెండున్నర శతాబ్దాల తరవాత ఆ కోతనే మా ఆఫీసాయన చరిత్రగా చెబుతున్నాడు, ఆపిల్ గింజలు మాత్రం వదిలేసి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఈ గొడవంతా రాజేసిన టీ ఈస్టిండియా కంపెనీది. 1773లో దివాలా అంచున ఉన్న ఆ కంపెనీని నిలబెట్టడానికే లండన్ టీ చట్టం చేసింది, ఆ డిసెంబరులోనే బోస్టన్ రేవులో టీ పెట్టెలు సముద్రం పాలయ్యాయి. అంతకు ఏడేళ్ళ ముందే, 1766లో, నిజాంతో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కారుల్లో పాగా వేసింది ఇదే కంపెనీ. ఆక్టన్‌లో మంచులో గురి నేర్చుకుంటున్న రోజుల్లో మచిలీపట్నంలో మనవాళ్ళు అదే కంపెనీకి శిస్తు లెక్కలు చెప్పుకుంటున్నారు. మనకిక్కడ ఇంతకన్నా బంధుత్వం లేదు, ఉందని సాగదియ్యను.

1775 ఏప్రిల్ 19 తెల్లవారుజామున, కాంకర్డ్‌లో దాచిన ఆయుధాల కోసం బోస్టన్ నుంచి వెళ్తున్న బ్రిటిష్ దళం కాల్పుల్లో, లెక్సింగ్టన్ మైదానంలో మిలీషియా వైపు ఎనిమిది మంది చచ్చిపోయారు. ఆ కబురు పూర్తిగా తెలియకుండానే ఆక్టన్ కంపెనీ డేవిస్ ఇంటి దగ్గర చేరింది. నలుగురు పిల్లలకీ ఒంట్లో బాగోలేదు. మగవాళ్ళు వాకిట్లో తూటాలు చుడుతున్నారు. కొందరు జుట్టుకి గోధుమపిండి రాసుకున్నారని చెబుతారు, దొరల ముందుకి దొరల్లాగే వెళ్ళాలని. భార్య హానా చెప్పిన ఇంకో మాట ఉంది. అంతకు కొన్నాళ్ళ ముందు ఒక గుడ్లగూబ ఇంట్లోకి వచ్చి సరిగ్గా డేవిస్‌కి ఇష్టమైన తుపాకీ మీద వాలిందట. దాన్ని తోలొద్దన్నారట. మా అమ్మమ్మ అయితే ఇల్లు కడిగించి శాంతి చేయించేది. ఆ ఊరి వాళ్ళూ మంచి శకునం అనుకోలేదు. డేవిస్ గుమ్మం దిగి, ఏదో చెప్పబోయినట్టు వెనక్కి తిరిగి, "పిల్లలు జాగ్రత్త" అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

కాంకర్డ్ గుట్ట మీద నాలుగు వందల మంది దాకా పోగయ్యారు. కింద వంతెన దగ్గర బ్రిటిష్ కెప్టెన్ లారీ చేతికింద తొంభై అయిదు మంది సిపాయిలు. ఊళ్ళోంచి పొగ లేచింది. నిజానికి సిపాయిలు దొరికిన ఫిరంగి బళ్ళ చక్రాలూ అవీ తగలబెడుతున్నారు, గుట్ట మీది వాళ్ళకి మాత్రం ఊరు తగలబడుతున్నట్టే కనబడింది. "ఊరు కాల్చేస్తుంటే చూస్తూ కూర్చుంటారా?" అని జోసెఫ్ హోస్మర్ అరిచాడు. మిలీషియాని నడిపిస్తున్న కల్నల్ బారెట్ కదలమన్నాడు, వాళ్ళు కాలిస్తే తప్ప మీరు కాల్చొద్దన్నాడు. ముందు ఎవరు? ఇరుకు దారి, అవతల బాయ్‌నెట్లు. బాయ్‌నెట్టుకి బాయ్‌నెట్టే ఎదురు వెళ్ళాలి. "మా వాళ్ళలో వెళ్ళడానికి భయపడేవాడు ఒక్కడూ లేడు" అన్నాడు డేవిస్. ఆక్టన్ కంపెనీ ముందు నడిచింది.

సిపాయిలు తడబడి వంతెన అవతలికి తగ్గి, ముందు రెండు మూడు గుళ్ళు నీళ్ళలోకి, ఆ తరవాత అందరూ కలిసి కాల్చారు. చాలా గుళ్ళు తలల మీంచి పోయాయి. రెండు మాత్రం పోలేదు. డేవిస్ ఛాతీలో ఒకటి, అబ్నర్ హోస్మర్ తలలో ఒకటి. ఇద్దరూ ఆక్టన్ వాళ్ళే, ఇద్దరూ అక్కడికక్కడే. మిలీషియా వైపు మేజర్ బట్రిక్ కాల్చమని కేక వేశాడు. దూరం యాభై గజాలు, అటూ ఇటూగా. సన్నటి దారిలో జంటలుగా వస్తున్నారు కనక వెనకవాళ్ళకి ముందువాళ్ళే అడ్డం, కాల్చే వీలున్నది ఎక్కువగా ముందున్నవాళ్ళకే. రెండు మూడు నిమిషాల్లో అయిపోయింది. బ్రిటిష్ వైపు ముగ్గురు సిపాయిలు పోయారు, తొమ్మిది మందికి గాయాలు. ఆ తొమ్మిదిలో నలుగురు అధికారులు. అక్కడున్న అధికారులే ఎనిమిది మంది. సిపాయిల కోటు ఇటుకరంగు ఎరుపు, అధికారులది నిగనిగలాడే ఎరుపు. ఎవరిని కొట్టాలో చూసుకుని కొట్టారు.

నేను గురి అనేది ఈ రెండు నిమిషాలనే. దీన్ని మధ్యాహ్నంతో పోల్చండి. బోస్టన్‌కి తిరిగి వెళ్తున్న బ్రిటిష్ దళం మీద దారి పొడుగునా గోడల చాటు నుంచీ చెట్ల చాటు నుంచీ కాల్చారు. సాయంత్రానికి మూడున్నర వేలకు పైగా మిలీషియా ఆ దారి మీదికి వచ్చిందంటారు. బ్రిటిష్ నష్టం 73 మంది మృతులు, 174 మంది క్షతగాత్రులు, 26 మంది జాడ లేరు. మూడున్నర వేల మందిలో ఒక్కొక్కరు ఇరవైసార్లు కాల్చారనుకోండి. లెక్క నాదే, అందరూ అన్నిసార్లు కాల్చి ఉండరు, అయినా అనుకోండి. డెబ్భై వేల గుళ్ళు, తగిలినవాళ్ళు 247 మంది. దాదాపు 280 గుళ్ళకి ఒక మనిషి. సగానికి సగం తగ్గించినా 140కి ఒకడు. ఆపిల్ గింజలు రాల్చే కుర్రాడు ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయినట్టున్నాడు.

ఇది ఆ మనుషుల్ని చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. బెదిరిన గుండెతో, పరిగెడుతూ, నున్నటి గొట్టంతో కాలిస్తే ఎవరికైనా అంతే. మా పెదనాన్నకి పందులైనా ఎదురు కాల్చలేదు. నేననేది, ఇంట్లో తుపాకీ ఉన్నంత మాత్రాన వచ్చేది మధ్యాహ్నపు లెక్క. పొద్దున్న వంతెన మీది లెక్క రావాలంటే ఒక ఊరు కూర్చుని తీర్మానం చెయ్యాలి, పేర్ల పట్టీ రాయాలి, నాయకుణ్ణి ఎన్నుకోవాలి, మందు ఖర్చు భరించాలి, కూలి ఇవ్వాలి, ఒక పనివాడు పెరడు వదిలిపెట్టాలి, నలభై మంది చలిలో వారానికి రెండుసార్లు రావాలి. మందు చవక సరుకు కాదు. 1774 సెప్టెంబరు 1న గవర్నర్ గేజ్ సిపాయిలు చార్లెస్‌టౌన్ మందుగుండు కొట్టు ఖాళీ చేసుకుని పోతే జిల్లాలకి జిల్లాల జనం వీధుల్లోకి వచ్చారు. అలాంటి రోజుల్లో గురి నేర్చుకోవడానికి మందు తగలెయ్యడమంటే కరువులో విత్తనాలు చల్లడం లాంటిది.

మా ఆఫీసాయన దీనికి చెప్పిన జవాబు కూడా రాయాలి, లేకపోతే అన్యాయం. "ఆ తుపాకీలు ప్రభుత్వం ఇచ్చిందా? వాళ్ళ సొంతవి. డేవిస్ కొట్టు సొంతం, పెరడు సొంతం. ప్రభుత్వం మందు ఎత్తుకుపోయింది గానీ ఇచ్చిందెక్కడ?" నిజమే, కాదనలేను. సొంత తుపాకీ లేకపోతే ఆ పొద్దున లేదు. రాజు గవర్నరు చేతిలో ఆయుధాల తాళాలుంటే ఏమవుతుందో వాళ్ళు చూశారు. అయితే ఆయన తరచుగా వల్లించే, ఆయుధం పట్టే హక్కు గురించిన 1791 నాటి రాజ్యాంగ సవరణలో మిలీషియా అన్న మాటకి ముందే "చక్కగా క్రమబద్ధమైన" అని ఉంది. ఆ మాటలకి అర్థం నాకు డేవిస్ పెరట్లో దొరికింది. ఆయనకి అక్కడ తుపాకీ ఒక్కటే దొరికింది. ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం, భోజనం మాత్రం కలిసే చేస్తాం.

ఒకటి మాత్రం నాకూ మింగుడుపడదు. అంత తాలీము చేయించిన మనిషి తను ఒక్క గుండైనా కాల్చకముందే పడిపోయాడు. ఆయన పోయాక పొద్దుటి క్రమం కూడా చెదిరిపోయింది. దాచిన ఆయుధాల కోసం కల్నల్ బారెట్ పొలం వెతకడానికి వెళ్ళిన నాలుగు బ్రిటిష్ దళాలు కాసేపటికి అదే వంతెన మీంచి వెనక్కి నడిచి వెళ్ళాయి. కొండవాలున నిలబడ్డ మిలీషియా చూస్తూ ఊరుకుంది, ఒక్కరూ కాల్చలేదు. వెనక్కి పిలిచి వరసలో నిలబెట్టేవాడు ఒక కంపెనీకి ఎంత అవసరమో అక్కడ కనబడుతుంది.

శవాల్ని డేవిస్ ఇంటికే తెచ్చారు. ముఖం పెద్దగా మారలేదని హానా ముసలితనంలో చెప్పింది. ఆ తరవాత ఆవిడ మరో రెండు పెళ్ళిళ్ళు చేసుకుని తొంభై దాటి బతికింది. ఇక ఊళ్ళ తగాదా మొదలైంది. మొదటి ఎదురుదెబ్బ మాదంటే మాదని లెక్సింగ్టన్, కాంకర్డ్ వాదించుకుంటుంటే, ముందు నడిచింది మా కంపెనీ అని ఆక్టన్ గొంతు చించుకుంది. ఆక్టన్‌లో పుట్టిన జోసయ్య ఆడమ్స్ అనే లాయరు కాంకర్డ్ చరిత్రకారుడి మీద 1850లో అచ్చు ఉత్తరమే వదిలాడు. మరుసటి ఏడు ఆక్టన్ వాళ్ళు ఊరి నడుమ 75 అడుగుల రాతి స్తంభం లేపి, తమ ముగ్గురి ఎముకల్నీ దాని కిందికి చేర్చారు. కాంకర్డ్ 1836లో కట్టిన స్తంభమేమో బ్రిటిష్ వాళ్ళు నిలబడ్డ గట్టున ఉంది, అప్పటికి వంతెనే లేదు మరి. 1875లో అవతలి గట్టున నాగలీ తుపాకీ పట్టుకున్న మనిషి కంచు విగ్రహం పెట్టారు. చెక్కింది కాంకర్డ్ కుర్రాడు డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్. ముఖానికి డేవిస్ వంశస్థుల పోలికలు చూసుకున్నాడని చెబుతారు. అంటే కాంకర్డ్ గట్టున అందరూ ఫొటోలు దిగేది ఆక్టన్ వాడితోనే. విగ్రహంలో నాగలి ఉంది, కమ్మరి దాకలి లేదు, గురిపలక లేదు.

ఇప్పటి నడకలో తుపాకీవాళ్ళు కాల్చేది మందు మాత్రమే, గుండు ఉండదు. వంతెన దగ్గర వరసగా పేల్చినప్పుడు పొగ మా ముఖాల మీదుగా నది మీదికి పోయింది. కుళ్ళిన గుడ్డు వాసన. "ఎవరికైనా తగులుతుందా నాన్నా?" అన్నాడు మా వాడు. తగలదన్నాను. కొంచెం నిరాశపడ్డట్టే ఉన్నాడు.

మూడో మనిషి సంగతి చెప్పాలి కదా. జేమ్స్ హేవర్డ్, బడిపంతులు. పాదానికి దెబ్బ ఉంది కనక మిలీషియా నుంచి మినహాయింపు ఉంది, అయినా వచ్చాడు. మధ్యాహ్నం లెక్సింగ్టన్ దగ్గర ఫిస్క్ గుట్ట మీద ఒక ఇంటి బావి దగ్గరికి నీళ్ళకని వెళ్తే, అదే సమయానికి ఇంట్లోంచి ఒక సిపాయి బయటికొచ్చాడు. "నువ్వు చచ్చావు" అన్నాడు సిపాయి. "నువ్వూ అంతే" అన్నాడు హేవర్డ్. ఇద్దరూ ఒక్కసారే కాల్చారు. సిపాయి అక్కడే పోయాడు. అతని గుండు హేవర్డ్ నడుముకున్న మందు కొమ్ముని చీల్చుకుని, పెచ్చుల్తో సహా ఒంట్లో దిగింది. కొన్ని గంటలు బతికాడు. పొద్దున్న ఒక పౌను మందు, నలభై గుళ్ళతో బయల్దేరాను, ఎన్ని మిగిలాయో చూసుకోమని తండ్రితో చెప్పాడంటారు. రెండో మూడో మిగిలాయి.

ఆ కొమ్ము ఇప్పటికీ ఆక్టన్ లైబ్రరీలో ఉంది. మా వాడు అద్దానికి వేలు ఆనించి రంధ్రం ఎంతుందో కొలిచాడు. తరవాత కార్లో కూర్చున్నాక లెక్క మొదలుపెట్టాడు: నలభైలో మూడు తీసేస్తే ముప్పై ఏడు, బావి దగ్గర తగిలింది ఒకటి. అదీ ఎదురెదురుగా, కొన్ని అడుగుల్లో.

"మిగతా ముప్పై ఆరు ఎటు పోయాయి నాన్నా?"